స్టాక్‌హోమ్‌లో ఖాళీ లేని రెండు రోజులు

స్నేహితులతో ఊరు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు! అందుకే లోకంలో షెడ్యూలు అనేది పుట్టింది.

నమ్మకం లేకపోతే మా గునిల్లాని అడగండి. ముప్ఫయ్యేళ్ళుగా స్నేహితురాలు. నన్నూ, దారిలో రైలెక్కే మా ఇంకో స్నేహితుడు ఇంగ్వార్‌నీ వెంటబెట్టుకుని గోథెన్‌బర్గ్ నుంచి స్టాక్‌హోమ్ బయల్దేరేసరికే శని, ఆదివారాలను పదిహేనేసి నిమిషాల ముక్కలుగా కోసి మా ఫోన్లలో పెట్టేసింది. ముక్కముక్కకీ ఒక అలారం మోత. రాజభవనం ముందు కాపలా మారడం చూడాలి, మోత. పాతబస్తీ సందులు, రెండు మోతలు. కాఫీ, దాల్చినచెక్క బన్ను... బన్ను నోట్లో ఉండగానే మళ్ళీ మోత!

నవ్వకండి. షెడ్యూలు లేకపోతే ఏమవుతుంది? బల్ల దగ్గర మౌనం వచ్చి కూర్చుంటుంది. అందులోంచి ఎవరో "ఎలా ఉన్నావు?" అంటారు. నిజం చెప్పాల్సొస్తుంది! ఇంతకన్నా ప్రమాదం ఉందా?

నా దగ్గర అలాంటి నిజం ఒకటుంది. ఏప్రిల్లో నా భార్య సిగ్నె ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఇప్పటికీ పొద్దున్నే రెండు కప్పులు తీస్తున్నాను. ఆ మాట వీళ్ళిద్దరికీ చెప్పుకుందామనే వచ్చాను. దాన్ని లోపల దాచుకుని మ్యూజియం నుంచి మ్యూజియానికి మోశాను. ఒకచోట సముద్రంలో మునిగిన పెద్ద ఓడని చూపించారు. మూడొందల ఏళ్ళ తర్వాత పైకి తీశారట. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం పడవలో గొంతు సవరించుకున్నాను.

"మీకో మాట చెప్పాలి. సిగ్నె..."

మోత!

"కబుర్లు తర్వాత, ఎస్కిల్! రేవొచ్చేసింది, దిగు దిగు!" అంది గునిల్లా.

"బయట చలిగాలిరా," అంటూ ఇంగ్వార్ నా టోపీని చెవులదాకా లాగాడు.

తిరుగు రైల్లో గునిల్లా నిద్రపోయింది. ఇంగ్వార్ దిగే ఊరు దారిలోనే. తలుపుదాకా సాగనంపాను. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు:

"సిగ్నె సంగతి మాకు ఏప్రిల్లోనే తెలుసురా. నిన్ను ఇబ్బంది పెట్టకూడదని, ఎక్కడా ఖాళీ లేకుండా షెడ్యూలు వెయ్యమని గునిల్లాకి నేనే చెప్పాను."

"నేను ఇబ్బంది పడదామనే వచ్చానురా!"

తలుపు మూసుకుంది. సరిగ్గా టైముకి. చేతిలో ఫోను మోగింది. తెర మీద షెడ్యూలు: "వీడ్కోలు అయిపోయింది."

కాబట్టి పాఠకులారా, షెడ్యూలు తప్పకుండా వేసుకోండి. ఎక్కడో ఒకచోట, ఒక రైలు తప్పిపోయేంత ఖాళీ మాత్రం ఉంచుకోండి.