పదకొండు గంటల ఎలుగు

మందస వైపు తిరుగుతున్న ఎలుగుబంటి మెడకి బెల్టు కట్టేశారట. అది ఏ తోటలో ఉందో, ఏ ఊరికి ఎన్ని గంటలకి వస్తుందో ఫోనులో కనిపించేస్తుందట. వచ్చినప్పుడు జనం తలుపులు వేసుకుని కిక్కురుమనకుండా కూర్చోవాలట. కేకలు వేసినా, ఫొటో తీసినా కేసేనట. ఇదంతా తవిటమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లుతూ చెప్పింది. తవిటమ్మకి వాళ్ళ చెల్లెలు చెప్పింది. చెల్లెలికి మందస బస్సులో ఎవరో చెప్పారు.

"మా ఇంటాయన నడుంకే బెల్టు నేదు, ఎలుగుకి కట్టినారేటే?" అని నవ్వేసింది పక్కింటి బంగారమ్మ.

తవిటమ్మ ఆ కబురు మోసుకుని మిగతా ఇళ్ళకి బయల్దేరాక బంగారమ్మ ఫోను మోగింది. పొదుపు సంఘాలను చూసే వెలుగు ఆఫీసు నుంచి అనిత మేడం. జీడిపిక్కలు కోసే మిషను మండలానికి ఒక్కటే వచ్చిందట. బంగారమ్మ సంఘంలోని పదిమందీ ఒకేచోట ఉన్న ఫొటో మధ్యాహ్నం పన్నెండులోపు పంపాలి. తొమ్మిది మంది ఉన్నా కుదరదు, పన్నెండు దాటి ఒక్క నిమిషమైనా కుదరదు. పదకొండుకి తుపాను షెల్టరు దగ్గరికి వస్తున్నానంది మేడం.

బంగారమ్మ తన వేళ్ళు చూసుకుంది. పన్నెండేళ్ళు పిక్కలు కొట్టి, జీడి రసం కాల్చేసిన వేళ్ళు. రేషను మిషను కూడా వాటిని వేళ్ళని ఒప్పుకోవడం మానేసింది. వెంటనే మొగుడు కూర్మారావుని మోపెడ్ ఎక్కించింది.

"తొమ్మిదిళ్ళకీ సెప్పు. ఎలుగు మేడం వత్తన్నాది, పదకొండుకి షెల్టరు కాడికి రమ్మను. బేగెల్లు!"

కూర్మారావుకి మాట ఖర్చు పెట్టడం ఇష్టం ఉండదు. పైగా బండి ఆపితే మళ్ళీ కదలదని భయం. అందుకని ఏ గుమ్మం ముందూ ఆగకుండా కేక మాత్రం వేసుకుంటూ పోయాడు. "పదకొండుకి ఎలుగొత్తాది! పదకొండుకి ఎలుగొత్తాది!"

ఆ ఊళ్ళో వెలుగులోని 'వ'ని ఎవరూ పలకరు. దీపానిదీ ఎలుగే, ఆఫీసూ ఎలుగే, అడవిలోదీ ఎలుగే. ఇన్నేళ్ళలో దాంతో ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఈవేళ మాత్రం ప్రతి ఇంటికీ కూర్మారావు కేకకన్నా ముందే తవిటమ్మ కబురు చేరిపోయింది.

"టైం కూడా సెప్పీసినారు సూడు! ఫోన్లో కనబడిపోతన్నట్టుంది," అని సంఘంలోని వసంత గడియ పెట్టేసింది. పది నలభైకల్లా వీధిలో ఒక్క తలుపు తెరిచి లేదు. కోళ్ళని కూడా గంపల కింద మూసేశారు.

పదకొండుకి అనిత మేడం వచ్చి షెల్టరులో కుర్చీ లాక్కుని కూర్చుంది. "సభ్యులేరమ్మా?" అని అడిగింది. "వచ్చేత్తన్నారు మేడం," అంటూనే బంగారమ్మ వీధిలోకి పరుగెత్తి వసంత తలుపు బాదింది.

"ఒలే వసంతా! ఎలుగొచ్చీసింది, బయటికి రాయే!"

లోపల రెండో గడియ పడింది. "నీకేటైనా మతి పోనాదేటి బంగారప్పా? ఇంటికి పో!"

"మనకోసమే వచ్చిందే! పదిమందీ కావాలంతన్నాది!"

లోపల ఏడుపు మొదలైంది.

ఏ తలుపు కొట్టినా అదే వరస. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు, చప్పుడవుతుందని అన్నీ ఆపేసుకున్నారు. పదకొండున్నరకి ఫారెస్టు గార్డు పోలారావు చేతికర్రతో దిగాడు. ఫోను ఆపేముందు వసంత చేసిన ఆఖరి పని అతన్ని పిలవడం.

"ఊళ్ళోకి ఎలుగొత్తే బయట తిరగకూడదమ్మా, లోపలికి పద," అన్నాడు.

అప్పుడర్థమైంది బంగారమ్మకి. జనం దాక్కున్నది అడవి ఎలుగుకని.

"బాబూ, ఎలుగు నేదు. వచ్చింది ఆఫీసు మేడం. ఒక్క కేకేసి సెప్పీసుకుంతాను."

"కేకేత్తే కేసు. నేదని నువ్వంటే సరిపోదు. సాయంత్రం మా పెద్దసారొచ్చి, తోటలన్నీ ఎతికి, నేదని రాత్తే అప్పుడు నేదన్నట్టు."

"సాయంత్రమా?"

"ఉంటే ఇంత పని నేదు. ఇళ్ళల్లో ఉన్నోళ్ళని అప్పటికప్పుడు దగ్గరుండి శ్లాబు బిల్డింగులో చేర్చీడమే. నాకున్న ఆర్డరు అది."

ఊళ్ళో గట్టి శ్లాబు బిల్డింగు తుపాను షెల్టరు ఒక్కటే. ఫోనులో టైము పదకొండూ నలభై.

"ఉంది బాబూ," అంది బంగారమ్మ.

"ఇప్పుడే నేదన్నావు?"

"బయ్యానికన్నాను. ఇంతుంది. బావి ఎనకాల పనస సెట్టు కాడ నా కళ్ళతో సూసాను."

పోలారావు చేతికర్ర గట్టిగా పట్టుకున్నాడు. ఏ ఇళ్ళు ముందు ఖాళీ చేయించాలో బంగారమ్మే చూపించింది. తొమ్మిదిళ్ళూ వరసగా. ముందు కర్ర, వెనక బంగారమ్మ, మధ్యలో ఒకరి చెంగు ఒకరు పట్టుకుని ఆడవాళ్ళు. తవిటమ్మ ఇత్తడి బిందె నెత్తిన బోర్లించుకుని నడిచింది.

"నవ్వండమ్మా," అంది అనిత మేడం. ఒక్కరూ నవ్వలేదు. పదకొండూ యాభై ఎనిమిదికి ఫొటో వెళ్ళింది. నిమిషంలో తెర మీద పచ్చగా 'మంజూరు' అని వచ్చింది.

"గార్డుని పెట్టి మరీ సభ్యుల్ని తెచ్చిన సంఘాన్ని ఇదే చూడటం. వెలుగు ఆఫీసులో అందరికీ చెప్తాను," అంది మేడం మళ్ళీ కుర్చీలో కూర్చుంటూ. ఆ మాటతో తొమ్మిది మందికీ విషయం అర్థమై, తొమ్మిది జతల కళ్ళూ బంగారమ్మ మీదికి తిరిగాయి.

పోలారావు జేబులోంచి కాగితం తీశాడు. "ఇప్పుడు రిపోర్టు రాయాల. లేనిదాన్ని ఉందన్నారని తేలితే సెప్పినోళ్ళ మీదే కేసు. మీలో ఎలుగుని సూసినోళ్ళు ఎవరు? ఇప్పుడెక్కడుంది?"

బంగారమ్మ తవిటమ్మ వెనక్కి జరిగింది. తవిటమ్మ నెత్తి మీది బిందె దించి, చెయ్యి చాపి చూపించింది.

"అదుగో, ఆ కుర్సీలో కూకుంది."