మిగిలిన పెయింటర్ కూలి

ఆదివారం పొద్దున్నే మార్కెట్ సంచి చంకన పెట్టుకుని ఆయన చేసిన ప్రకటన విని, ఇల్లాలు ఉతుకుతున్న చొక్కాను బకెట్లో వదిలేసి బయటికి వచ్చింది.

"ఈ నెల నుంచి ఇంటి ఖర్చంతా నేను చూస్తాను. నువ్వు విశ్రాంతి తీసుకో," అన్నాడాయన.

"విశ్రాంతి నాకెందుకండీ. వాషింగ్ మెషీన్ కొనండి, చాలు," అంది ఆవిడ, మణికట్టు నొక్కుకుంటూ.

మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట గోడగడియారంలా వేళకు మోగుతూనే ఉంది. గడియారానికి జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

ఆయన బీమా ఆఫీసులో క్లెయిములు పరిశీలిస్తాడు. ఎవరెంత అడిగినా అందులో కొంత కోస్తేగాని సంతకం పెట్టడు. అందుకే ఆఫీసులో అందరికీ ఆయన 'కత్తెర'. ఇంట్లోనూ కత్తెరే. టూత్‌పేస్ట్ గొట్టం అయిపోతే అడ్డంగా కోసి, లోపల అంటుకున్నది గీకి ఇంకో వారం నడిపిస్తాడు. అయిదేళ్ళ కిందట, మెట్ల కింద కరెంటు మీటర్లున్న చెక్కకు రంగు వేయించమని ఇల్లుగలాయన డబ్బిస్తే, పెయింటర్‌ని పిలవలేదు. మీటర్ల కింద బిగించిన వాటా నంబర్ల రేకులు ఊడదీసి, తానే ఆకుపచ్చ రంగు పూసి, రేకులు మళ్ళీ బిగించి, పెయింటర్ కూలి జేబులో వేసుకున్నాడు. చుట్టాలెవరొచ్చినా ఇప్పటికీ ఆ చెక్క చూపించిగాని పైకి తీసుకురాడు.

ఇక కరెంటు బిల్లంటే ఆయనకు కిరీటమే. "ముగ్గురం ఉన్న ఇల్లు. మా బిల్లు చూసి నేర్చుకోండి," అని ఆఫీసులో ఆ కాగితం నలుగురికీ తిప్పేవాడు. నేర్చుకోవలసినవాళ్ళలో ఎదురు వాటాలో అయిదేళ్ళుగా ఒంటరిగా ఉండే కేకులావిడ మొదటిది. పగలంతా బేకరీలో పని, ఇంటికి వచ్చేది నిద్రకే. అయినా ప్రతి నెలా ఆవిడ బిల్లు వీళ్ళ బిల్లుకు రెట్టింపు.

"ఒక్కదాన్నే కదా అన్నయ్యగారూ, ఇంత ఎలా వస్తోందంటారు?" అని ఆవిడ మెట్ల మీద అడిగేది.

"క్రమశిక్షణ లేకమ్మా," అనేవాడాయన. ఆవిడ ఆ మాట నమ్మి ఫ్యాను మానేసింది. తర్వాత గదికొక బల్బు తీసేసింది. బిల్లు మాత్రం తగ్గలేదు.

అలాంటి మనిషి ఇప్పుడు సొంత ఇంటి మీద పడ్డాడు.

"కిరాణా, పాలు, కరెంటు, అన్నీ తగ్గిస్తాను. నెలాఖరుకు మిగిలిన దానికి ఇంకాస్త కలిపి నీ మెషీన్ కొంటాను."

"తగ్గకపోతే?"

తగ్గకపోవడం అనే విషయం ఆయన ఆలోచించలేదు. ఆ సందు ఇల్లాలు చూసుకుంది. "తగ్గకపోతే ఇంటిల్లిపాది బట్టలూ మీరు ఉతకాలి."

సోఫాలో టీవీ చూస్తున్న ఆయన తల్లి తల తిప్పకుండానే అంది. "సాక్షిని నేను."

నెల మొదలైంది. ఆయన మార్కెట్‌కి మూసేవేళ వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ వేళలో ధర తగ్గుతుంది, నిజమే. కూరలు కూడా తగ్గుతాయి. కిలో లెక్కన ఖరీదని ఉల్లిపాయలు బస్తా తెచ్చాడు. వారం తిరిగేసరికి వాటికి మొలకలు వచ్చి, వంటింటి మూల చిన్న తోటలా తయారైంది. సబ్బును దారంతో రెండు ముక్కలు కోసి, ఒక ముక్కే బయటపెట్టాడు. నూనె డబ్బా మూతకు సన్నటి బెజ్జం చేశాడు. దాంట్లోంచి నూనె దిగేలోపు ఇల్లాలికి పోపు మీద విరక్తి పుట్టేది.

కరెంటుకైతే ఏకంగా శాసనమే చేశాడు. పగలు ఫ్రిజ్ బందు. గీజర్ బందు. ఇస్త్రీ పెట్టె బీరువాలోకి పోయింది. టీవీ సాయంత్రం ఒక్క గంట.

"ఆ గంటలో నా సీరియల్ రాదురా," అంది తల్లి.

"వచ్చేది చూడమ్మా."

మర్నాటి నుంచి ఆవిడ మధ్యాహ్నం కళ్ళజోడు తీసుకుని ఎదురు వాటాలోకి వెళ్ళిపోయేది. కేకులావిడ ఆ నెలలోనే బేకరీ ఉద్యోగం మానేసి, ఇంట్లో పెద్ద ఓవెన్, ఫ్రిజ్ పెట్టుకుని సొంతంగా ఆర్డర్లు మొదలుపెట్టింది. తోడు దొరికిందని సంబరపడి టీవీ పెట్టేది. రెండు రోజుల తర్వాత విరగబోయే పాలగిన్నె పట్టుకుని కోడలు కూడా అక్కడికే చేరింది. నాలుగో రోజున ఇస్త్రీ పెట్టె వెళ్ళింది. ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు చీకటిగా, చల్లగా, ఆదర్శంగా ఉండేది. పాలు విరగలేదు. చొక్కాలు మడత నలగలేదు. తల్లి పేచీ పెట్టడం లేదు. తన పాలన ఎంత సాఫీగా సాగుతోందో చూసుకుని ఆయన మురిసిపోయాడు.

నెలాఖరున బిల్లు వచ్చింది. ఆయన దాన్ని అందరి ముందూ విప్పాడు. చదివాడు. మళ్ళీ మడిచాడు.

"ఎంతండీ?" అంది ఇల్లాలు.

ఎప్పుడూ వచ్చే దానికి మూడు రెట్లు.

అప్పుడే తలుపు చప్పుడైంది. కేకులావిడ పళ్ళెంలో రెండు ముక్కలు పట్టుకుని నిలబడింది. "నోరు తీపి చేసుకోండి అన్నయ్యగారూ. ఇన్నేళ్ళకు మీ మాట ఫలించింది. నా బిల్లు సగానికి సగం తగ్గింది."

ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. నిప్పంటుకోకుండానే కాలిపోయిన గోడౌన్లు కనిపెట్టిన కళ్ళవి.

"ఓవెన్ పెట్టావు కదమ్మా?"

"రోజంతా నడుస్తూనే ఉంటుంది."

"బిల్లు మాత్రం తగ్గింది."

"అంతా మీ చలవే," అంది ఆవిడ, కల్లాకపటం తెలియని మొహంతో. అదే ఆయనకు మరీ అనుమానం కలిగించింది. ఆయన అనుభవంలో దొంగ క్లెయిములన్నీ అలాంటి మొహాలతోనే వచ్చాయి.

మర్నాడు ఆయన సెలవు పెట్టాడు. సాయంత్రం ఆఫీసులో మేనేజర్ పదవీ విరమణ సభ ఉంది. కేకు బాధ్యత కత్తెరకే అప్పగించారు. ఆయన దాన్ని ఎదురు వాటాలోనే, పొరుగువాళ్ళ ధరకు, ఆ ధరలో మళ్ళీ కొంత కోసి ఆర్డరిచ్చాడు. ఆ సంగతి ఆ పొద్దున ఆయనకు గుర్తు లేదు. గుర్తుంటే కథ ఇంకోలా ఉండేది.

ఇంట్లో ప్రతి స్విచ్చూ కట్టేశాడు. ఫ్రిజ్ ప్లగ్గు ఊడబెరికాడు. పిల్లిలా మెట్లు దిగి ఆకుపచ్చ చెక్క ముందు నిలబడ్డాడు. తన వాటా నంబరున్న మీటరు ఎవరో తరుముతున్నట్టు తిరుగుతోంది.

ఇంట్లో ఒక్క దీపం లేదు. మరి ఈ కరెంటు ఎవరు తాగుతున్నారు?

ఆ మీటరు పక్కనున్న ఫ్యూజు లాగేశాడు. మీటరు ఆగింది. పైనుంచి కేకులావిడ గొంతు వినిపించింది. "అయ్యో, ఓవెన్ ఆగిపోయింది. కేకు లోపలే ఉంది."

ఆయన ఫ్యూజు చేతిలో పట్టుకుని నవ్వాడు. తన ఫ్యూజు తీస్తే ఆవిడ పొయ్యి ఆరింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? వెంటనే కరెంటాఫీసుకు ఫోన్ చేసి, దొంగ కనెక్షన్ పట్టుకున్నానని చెప్పాడు. కింద వాటాలో ఉండే ఇల్లుగలాయన్ని పిలిచాడు. లైన్‌మన్ వచ్చేలోపు సాక్ష్యం చెదరకూడదని, ఫ్యూజు జేబులోంచి తీయలేదు.

కేకులావిడ పిండి చేతులతోనే దిగి వచ్చింది. విషయం విన్నాక ఆవిడ మొహం ఎర్రబడింది.

"నేను దొంగ కరెంటు వాడుకున్నానా? మీరు చెప్పారని వేసవంతా ఫ్యాను లేకుండా పడుకున్నదాన్ని నేను."

"మాటలు కాదమ్మా, కాగితం," అన్నాడాయన. అప్పటికే ఒకటి రాసి ఉంచాడు. ఆయన రాసిన కాగితంలో సందు దొరకడం అసాధ్యం. ఒక వాటావారు ఇంకో వాటా ఖర్చులో కరెంటు వాడుకున్నట్టు తేలితే, అయిదేళ్ళ తేడా మొత్తం లెక్కగట్టి, వాయిదాలు లేకుండా ఒక్కసారే చెల్లించాలి.

ఇల్లుగలాయన గొంతు సవరించుకున్నాడు. "లైన్‌మన్ రానీయండి. తొందరేముంది?"

"అడ్డుపడకండి. సాక్షి సంతకం ఇక్కడ పెట్టండి."

కేకులావిడ కలం లాక్కుని సంతకం గీకింది. "మీరూ పెట్టండి అన్నయ్యగారూ. న్యాయం ఇద్దరికీ ఒకటేగా."

ఆయన దర్జాగా తన పేరు రాసి కింద రెండు గీతలు గీశాడు. మెట్ల మీద నిలబడి చూస్తున్న ఇల్లాలు నెమ్మదిగా అంది. "ఏమండీ, ఒక్కసారి ఆలోచించండి. అత్తయ్యా, నేనూ కూడా ఈ నెలంతా అక్కడే..."

"నువ్వుండు. మెషీన్ కావాలన్నావు కదా? ఈ డబ్బుతోనే వస్తుంది."

ఆవిడ ఊరుకుంది. మూడేళ్ళలో మెషీన్ ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

లైన్‌మన్ వచ్చాడు. ముసలివాడు, తొందరలేని మనిషి. పైకి వెళ్ళే వైర్లను టార్చి వేసి చూశాడు. ఒక వైరు వెంట మేడెక్కి దిగాడు. ఇంకోదాని వెంట ఎక్కి దిగాడు. చివరికి చెక్క మీద రేకులను వేలితో తట్టాడు.

"దొంగ కనెక్షన్ ఏమీ లేదు సార్. వైర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. నంబర్ల రేకులే తారుమారయ్యాయి. మీ మీటరు కింద ఆవిడ నంబరు, ఆవిడ మీటరు కింద మీ నంబరు. కనెక్షన్లు రెండూ ఇల్లుగలాయన పేరు మీదే కాబట్టి, మావాళ్ళు రేకు చూసి ఏ తలుపు దగ్గర ఏ బిల్లు వేయాలో అది వేస్తున్నారు. ఇంతకీ ఇవి బిగించిందెవరు?"

ఇల్లుగలాయన ఆకుపచ్చ రంగును కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"మావాడే," అంది తల్లి పైమెట్టు మీద నుంచి. "పెయింటర్ కూలి మిగిల్చాడు."

కత్తెర తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కాని ఒక్క క్షణమే. మరుక్షణం మొహం వెలిగింది. "అంటే అయిదేళ్ళుగా ఆవిడ వాడుకున్న కరెంటుకు నేను కట్టాను. కాగితం ప్రకారం తేడా ఇచ్చేయమనండి."

లైన్‌మన్ ఆయన వంక జాలిగా చూశాడు. "సార్, తేడా అంటే రెండు వైపులా చూడాలి కదా. మీరు ఆవిడ బిల్లు కడితే, మీ బిల్లు ఎవరు కట్టినట్టు?"

ముగ్గురి గీజరు. పగలంతా టీవీ. వారం వారం ఇస్త్రీ. ఫ్యాను కూడా లేని ఒంటరి మనిషి నెలనెలా కట్టిన రెట్టింపు బిల్లు. ఆఫీసులో నలుగురికీ తిప్పి చూపించిన కిరీటం. కత్తెర చెయ్యి తనకు తెలియకుండానే కాగితం వైపు వెళ్ళింది. అది అప్పటికే కేకులావిడ చేతిలో ఉంది.

లైన్‌మన్ రేకులు మార్చి బిగించాడు. ఇల్లుగలాయన ఇంట్లోంచి పాత బిల్లుల కట్టలు తెచ్చాడు. ఈ నెల తేడా ఒక్కటే కత్తెర వైపు మొగ్గింది. మిగిలిన అయిదేళ్ళూ ఎటు మొగ్గాయో చెప్పడానికి కూడిక కూడా అక్కర్లేకపోయింది. ఆ తేడాతో మంచి వాషింగ్ మెషీన్ వస్తుంది. రవాణా ఖర్చులతో సహా.

"చెల్లెమ్మా," అన్నాడాయన. అయిదేళ్ళలో ఆ పిలుపు అదే మొదలు. "నెలకింతని వాయిదాల్లో..."

"ఒక్కసారే అని మీరే రాశారు కదా అన్నయ్యగారూ," అంది ఆవిడ. తర్వాత ఏదో గుర్తొచ్చి ఆగింది. "ఆ ఫ్యూజు ఇప్పించండి. ఓవెన్లో కూలబడింది మీ మేనేజర్‌గారి కేకే."

సాయంత్రానికి ఆవిడ ఎలాగో దాన్ని నిలబెట్టింది. నడుమ పడ్డ గుంటలో క్రీము నింపి, పైన పళ్ళ ముక్కలు పేర్చింది. మేనేజర్ రెండోసారి అడిగి మరీ తిన్నాడు. కేకు బిల్లులో క్రీము విడిగా వేసి ఉంది. కత్తెర జీవితంలో మొదటిసారి ఒక బిల్లు మీద ఒక్క అంకె కూడా కొట్టేయకుండా సంతకం పెట్టాడు.

ఇల్లాలి పందెం మిగిలింది. నిజానికి మన వాడకం సగం తగ్గింది కదా, గెలిచింది నేనే కదా అని ఆయన వాదించి చూశాడు.

"గెలిచారు లెండి. మిగిలిన డబ్బేదీ?"

మెషీన్ కోసం బ్యాంకులో ఉంచిన కాస్తా ఎదురు వాటాకు వెళ్ళిపోయింది.

"మెషీన్ వచ్చేదాకా మీరే," అంది ఆవిడ బకెట్ ఆయన వైపు జరుపుతూ. మణికట్టు నొక్కుకోవడం ఆ రోజుతో మానేసింది.

తర్వాతి ఆదివారం ఇద్దరు కూలీలు పెద్ద అట్టపెట్టె మోసుకుని మెట్లెక్కారు. ఇల్లాలు ఆశగా తలుపు తీసింది. పెట్టె ఎదురు వాటాలోకి వెళ్ళింది. కాసేపటికి కేకులావిడ వచ్చి చెయ్యి పట్టుకుంది. "మీరు మూడేళ్ళుగా అంటుంటే విని నాకూ ఆశ పుట్టింది వదినగారూ. మీ బట్టలు కూడా ఇటు పంపండి. కలిపి వేసేద్దాం."

ఇల్లాలు వెనక్కి తిరిగి చూసింది. స్నానాలగదిలో సగం ముక్క సబ్బుతో ఆయన కాలరు రుద్దుతున్నాడు. స్టూలు మీద కూర్చుని తల్లి పర్యవేక్షిస్తోంది. "తెల్లవి విడిగా నానబెట్టరా. చిన్నప్పుడు చెప్పింది ఒక్కటీ బుర్రకెక్కలేదు."

"ఎందుకులే వదినా," అంది ఇల్లాలు. "మాకు ఇంట్లోనే ఉంది. కరెంటు కూడా తినదు."

ఎదురు వాటాలో కొత్త మెషీన్ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఆయన ఒక్క క్షణం చెవి పెట్టి విన్నాడు. నురగ చేతులతోనే మెట్లు దిగి ఆకుపచ్చ చెక్క ముందు వంగి చూశాడు. తిరుగుతున్నది ఆవిడ మీటరే. ఆ నెలలో ఆయనకు మిగిలింది అదే.