గాజుల పరీక్షలో తప్పిన బిడ్డ లేడు

గుడ్డసంచిలో రెండు చీరలు, పిల్లవాడి పొత్తిగుడ్డలు, జొన్నరొట్టెల మూట సర్దింది కళావతి. అన్నిటికంటే పైన పెట్టిన గిలక్కాయను మాత్రం మళ్లీ తీసి గూట్లో పెట్టేసింది. కర్నూలు దవాఖానలో బిడ్డకు కళ్ల పరీక్ష చేయించబోతూ గిలక్కాయను ఇంట్లో వదిలిపెట్టే తల్లిని ఎక్కడైనా చూశారా? పరీక్షకు పోయేవాడి చేతిలోంచి కలం లాక్కోవడం కాదా ఇది!

నేను బడికి పోయినదాన్ని కాను. పిల్లలు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్నదాన్ని. అయినా ధైర్యంగా రాస్తున్నాను. పసిపిల్లల చూపు కొలవడంలో మా గద్వాలను మించిన ఊరు లేదు. మా పరీక్షలో ఇంతవరకు ఒక్క బిడ్డ కూడా తప్పలేదు!

పద్ధతి చాలా సులువు. బిడ్డను ఒళ్లో వేసుకోవాలి. ముఖానికి జానెడు దూరంలో చేతిగాజులు గలగలలాడించాలి. బిడ్డ అటు తిరిగాడా, అయిపోయినట్టే. "సూసిండు" అని ఒకరంటారు. "కండ్లు మస్తు సురుకు" అని ఇంకొకరంటారు. తలా ఒక బెల్లం ముక్క పెడతారు.

పట్నం డాక్టర్లకు అద్దాలు కావాలట, అట్టలు కావాలట, అట్ట మీది అక్షరాలు చదవాలట. పాలు తాగే బిడ్డ ఏం చదువుతాడు, మీరే చెప్పండి.

మా వాడలో ఫలితాలు చూడండి. గోడ అవతల మేక అరిస్తే మాసయ్య మనవరాలు అటు తిరిగింది. అంటే ఆ పిల్ల చూపు గోడలోంచి కూడా పోతున్నట్టే కదా! చెంబు కింద పడితే లలితమ్మ కొడుకు నిద్రలో ఉలిక్కిపడ్డాడు. కళ్లు మూసుకుని కూడా చూడగల బిడ్డ! ఇక దగ్గరి చూపు సంగతంటారా, ఏ బిడ్డ నోరైనా తల్లి పాలను వెతుక్కోలేకపోయిందా? అంతకంటే దగ్గరిది ఈ లోకంలో ఏముంది?

పైగా ఈ పరీక్షతో అత్తకు పరువు, తండ్రికి నిద్ర, చుట్టాలకు బెల్లం. ఒక్క మందుతో ఇన్ని మేళ్లు చేసే డాక్టరు ఉంటే చూపించండి.

పక్కింటి జములమ్మ మనవడు ఈశ్వరుడు ఈ పరీక్షలో అందరికంటే మొదటివాడు. గాజులకు తిరిగాడు, గిలక్కాయకు నవ్వాడు. నేనూ చూశాను. నేనూ బెల్లం తిన్నాను.

పేచీ పెట్టింది వాడి తల్లి కళావతి. తాను నేతకు జరీ దారాన్ని కండెలకు చుడుతుంటే, ఒళ్లో ఉన్న బిడ్డ మెరిసే జరీ వైపు ఒక్కసారైనా చూడడం లేదని ఆమె దిగులు. కూర్చునే వయసు వచ్చినా చూపు ఎక్కడో కప్పు మీదే. టీకాలు వేయడానికి వచ్చిన నర్సమ్మతో ఆ మాట చెప్పింది. నర్సమ్మ వెళ్తూ వెళ్తూ, "చప్పుడు లేకుండా చూపించి చూడమ్మా. గాజులు తీసెయ్" అన్నది.

గాజులు తీయాలట! ముత్తైదువు!

కళావతి గాజులు తీయలేదు. పడుగు నూలు తెచ్చి గాజుల చుట్టూ బిగించి చుట్టసాగింది.

"మొగడు మగ్గం మీద కూసున్నడు, గాజుల మీద చెయ్యేస్తున్నవేందే?" అన్నది జములమ్మ.

"తీస్తలేను అత్తమ్మా. నూలు చుడుతున్న. చప్పుడు గావద్దని."

"పిల్లగాడు అందరి ముందల సూసిండు. ఇప్పుడు నువ్వు గిట్ల పరీక్షలు వెట్టి గుడ్డోడని పేరు తెస్తే, ఆ పేరు ఎవడు మాపుతడే?"

కళావతి నూలు కొసను ముడివేసింది. జరీ కండెను బిడ్డ ముఖానికి జానెడు దూరంలో పట్టుకుంది. ఈశ్వరుడి చూపు కప్పు వైపే ఉంది. జములమ్మకు దగ్గు వచ్చింది. బిడ్డ వెంటనే అటు తిరిగాడు.

"సూడు, సూసిండా లేదా?"

"మిమ్మల్ని గాదు అత్తమ్మా. మీ దగ్గును."

అప్పుడు మగ్గం ఆగింది. పొద్దస్తమానం టకటకలాడే ఇంట్లో మగ్గం ఆగితే ఎట్లా ఉంటుందో నేతగాళ్ల వాడలో ఉన్నవాళ్లకు తెలుసు. కళావతి మొగుడు హనుమంతు మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు.

"అమ్మా, జర ఊకో. నువ్వు మళ్లొకసారి చూపియ్యి" అన్నాడు పెళ్లాంతో.

కళావతి కండెను కుడికి తీసుకుపోయింది, ఎడమకు తెచ్చింది. ముక్కు దాకా తెచ్చింది. బిడ్డ కళ్లు దాని వెంట పోలేదు. ఎవరూ దగ్గలేదు. హనుమంతు అటక మీది సంచి దించాడు.

రైలెక్కేవాళ్లను సాగనంపడం నాకు ఇష్టం ఉండదు. ఆ స్టేషన్ నా దగ్గర తీసుకున్నవాళ్లలో తిరిగి ఇచ్చినవాళ్లు తక్కువ. అయినా వాళ్లతో స్టేషన్ దాకా పోయాను.

"పోయొస్త అను బిడ్డా" అన్నాను.

"పోయొస్త పెద్దమ్మా" అన్నది కళావతి.

దవాఖానలో రెండు కళ్లకూ పొర ఉందని చెప్పి కోత చేశారు. కుడికంటికి చూపు వచ్చింది. ఎడమకంటికి రాలేదు. ఇంకా చిన్నప్పుడే తెచ్చి ఉంటే రెండూ వచ్చేవేమో అన్నదట డాక్టరమ్మ. చిన్నప్పుడే ఎట్లా తెస్తారు తల్లీ? అప్పటికి వాడు పరీక్ష నెగ్గి ఉన్నాడు కదా!

పిల్లవాడు పెరిగేకొద్దీ కళ్లద్దాలు మార్చాలన్నారు. కళావతి అక్కడే దవాఖాన వంటింట్లో పనికి కుదిరింది. అమావాస్యకు మగ్గాలు ఆగుతాయి కాబట్టి హనుమంతు ఆ రోజు పోయి చూసి వస్తుంటాడు.

ఒక అమావాస్యకు జములమ్మ కూడా పోయింది. పోయేముందు తన గాజులకు తానే నూలు చుట్టుకుంది. ఈశ్వరుడు మందపు అద్దాలలోంచి ఆమె ముఖం జానెడు దూరం నుంచి చూశాడట. చూపు కిందికి దిగి ఆమె కొంగు మీద ఆగిందట. అక్కడ వెంట్రుక కంటే సన్నని జరీ పోగు ఒకటి అంటుకుని ఉంది. రెండు వేళ్లతో దాన్ని పట్టుకుని లాగాడట. ఒక్క చప్పుడు లేదు.

"పోగు కనవడ్డది వీనికి" అని జములమ్మ ఏడ్చింది. "ఇగ ఇంటికి నడువు బిడ్డా."

"వస్తే వాడంత గాజులు వట్టుకొని వస్తరు అత్తమ్మా, ఒంటికంటికి పరీక్ష వెట్టనీకి" అన్నదట కళావతి.

అబద్ధం కాదు. నేనే ముందుండేదాన్ని.

అందుకని పాఠకులకు నా సలహా. గాజుల పరీక్షను మానకండి. బిడ్డ చెవులు బాగున్నాయో లేదో తెలుసుకోవడానికి అంతకన్నా మంచిది లేదు.

గిలక్కాయ జములమ్మ ఇంట్లో ఆ గూట్లోనే ఉంది. కళావతి, ఈశ్వరుడు గద్వాలకు తిరిగి రాలేదు. వాళ్లు రైలెక్కింది 1939 శ్రావణంలో.