కృష్ణమూర్తి పాదరక్షా దిగ్విజయం

స్వస్తి శ్రీ అక్షయనామ సంవత్సర కార్తీక మాసమున, మంచు దుప్పటి కప్పుకొని మధ్యాహ్నమునకు గాని మొగము చూపని మహోన్నత పర్వతశ్రేణి నడుమ, వలిసెపూల పసిమివన్నెతో వెలుగొందు అరకులోయయందు, సంతబయలు ప్రక్కనున్న గడ్డికప్పు గోదాములో, ప్రతిజ్ఞాభయంకరుడు, కంటకక్షతచరణుడు, చర్మకార్ఖానా చక్రవర్తి యగు కృష్ణమూర్తి అనే కరక్కాయల వర్తకుడు రెండు కుట్టుమిషన్ల ముందు నిలబడి, ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేక చేసిన ఘోరయుద్ధం చెబుతాను, వినండి. మొదట సరస్వతీదేవిని పిలవాలి. ఇంత చిన్న పనికి ఆవిడను కొండ ఎక్కించడం మర్యాద కాదని మానేశాను.

ఈ మహాపురుషుడు పార్వతీపురంలో కరక్కాయల టోకు వ్యాపారి అప్పలస్వామిగారికి ఒక్కగానొక్క అల్లుడు. మామగారి తరఫున కొండమీద కరక్కాయలు కొని కిందికి పంపడం అతని పని. పని తేలిక, గాలి మంచిది, అడిగేవాడు లేడు. గొప్ప ఆలోచనలు ఇటువంటి చోటే పుడతాయి. పైగా ఒకప్పుడు పార్వతీపురం నాటక సమాజంలో ద్వారపాలకుడి వేషం కట్టాడు. ‘మహారాజా, దూత వచ్చినాడు’ అన్నదే మొత్తం అతని భాగం. అయినా ఆ పూటనుంచి అతనికి మామూలు మాట రావడం మానేసింది. దాహం వేస్తే ‘శీతలజలమెక్కడ?’ అనేవాడు. కొండవాళ్లు అదేదో మొక్కుబడి అనుకుని అడ్డు చెప్పేవారు కాదు.

కరక్కాయతో తోలు పదును చేస్తారని తెలిసిన రోజున ఇతని బుర్రలో మెరుపు మెరిసింది. కరక్కాయ మనది, పశువు మనది, తోలు మనది, బూటు మాత్రం ఓడలో ఎందుకు రావాలి? కొండమీదే బూట్ల కార్ఖానా పెడతానన్నాడు. ఆ లోయలో బూట్లు తొడిగే మనిషి ఫారెస్టు రేంజరుగారు ఒక్కరే. ఆయన కూడా సంతకు చెప్పులతోనే వచ్చేవాడు. మిగిలిన జనమంతా రాతిమీదా ముల్లుమీదా వట్టికాళ్లతో హాయిగా తిరుగుతున్నారు. ఇంత చిన్న విషయం మహాపురుషుల కంటికి ఆనదు.

భార్య కనక సీమంతానికి పార్వతీపురం వెళ్లినప్పుడు, పందిట్లో పదిమంది ముందూ ఈ కార్ఖానా సంగతి ఎత్తాడు. మామగారు చుట్ట నోట్లోంచి తీశారు.

“కొండమీద బూట్లేటల్లుడూ? ఎవుడు తొడుగుతాడు, అడివిపందులా?”

పందిరి పందిరంతా నవ్వింది. అప్పుడు కృష్ణమూర్తి విస్తరి ముందునుంచి లేచి, ఎంగిలి చెయ్యి ఆకాశానికెత్తి ఇలా పలికాడు.

“ఓ మాతులా, ఆలింపుము. నా కార్ఖానాయందు యంత్రముచే కుట్టబడిన పాదరక్షలు ధరించి గాని నీ గృహద్వారమును త్రొక్కను. అంతవరకు ఈ పాదములు చెప్పునైనను ఎరుగవు. కులపర్వతములు కదలిన కదలుగాక, నా మాట కదలదు.”

చెప్పులు పందిట్లోనే వదిలేసి నడిచాడు. చెయ్యి కడుక్కోవడం కూడా మరిచాడు. కనక గుమ్మంలో నిలబడి మలుపు తిరిగేదాకా చూసింది.

ఆ తర్వాత కాన్పయింది. ఆడపిల్ల పుట్టింది. బాలసారె అయిపోయింది, బోర్లా పడడం నేర్చింది, తండ్రి మాత్రం కొండ దిగలేదు. కరక్కాయల మూటలు మోసే గాసితో కనక కబురు పంపింది: “గుంట నవ్వుతంది. బేగి రమ్మను.” ఆ కబురు విని అతను బస్తాల వెనక్కి వెళ్లి ఏడ్చాడు. ఏడుపు నిజమైనదే, నేను కాదనను. కానీ చెప్పుల జత ఒకటి వేసుకుని, మామగారికొక దండం పెట్టి, బిడ్డను చూసిరావడానికి ఎంతసేపు పడుతుంది? నాకు ఒళ్లు మండేది అక్కడే. పట్టుదల అని పేరు పెట్టి మగవాళ్లు చేసే తెలివితక్కువ పనులకు లెక్కలేదు.

ఇక యంత్రాగమనం. పార్వతీపురంలో మిషన్లు తెప్పించే అంగడివాడు రెండు రకాలు కొండకు పంపాడు. ఒకటి ఉంచుకుని రెండోది తిరిగి తన అంగడికి చేర్చాలని షరతు. గాసీ, అతని తోడల్లుడు సుక్రూ, మరికొందరు మోతగాళ్లూ వాటిని కావిళ్లకు కట్టి ఘాటీ ఎక్కించారు.

మొదటిదానికి మహాకాయమని పేరు పెడదాం. వెడల్పాటి ఇనుపబల్ల, దానిమీద పెద్ద తల, బండిచక్రమంత చక్రం, ఒళ్లంతా బంగారు పూలు. బల్లమీద పరిచిన తోలును, అది దున్నపోతుదైనా సరే, గీత గీసినట్టు కుట్టుకుపోతుంది. రెండోది కొంగ. బల్ల లేదు, పువ్వు లేదు. సన్నటి ఇనుపచెయ్యి ఒకటి ముందుకు చాచుకుని, పిలవని పెళ్లికొచ్చిన చుట్టంలా గోడవారగా నిలబడింది.

కృష్ణమూర్తి ముందు కొంగను ఎగాదిగా చూశాడు.

“ఓరీ కృశాంగా, అస్థిమాత్రావశిష్టా, దర్జీల చేతులయందు రవికలు కుట్టుకొనవలసిన నీకు వీరపాదరక్షలతో పొత్తేమి? తొలగుము.”

తర్వాత మహాకాయం బంగారు పూలమీద చెయ్యి వేసి, కళ్లు అరమోడ్చి, “ఆహా, గాంభీర్యము” అన్నాడు. అంతటితో పరీక్ష పూర్తయింది. అయినా రాజన్నవాడు మంత్రాలోచన చెయ్యాలి కాబట్టి, కార్ఖానాకని పార్వతీపురం నుంచి తెచ్చుకున్న రత్నాలును అడిగాడు. రత్నాలు తోలు పొడిచే ఆరె పట్టుకుని చేత్తో చెప్పులు కుట్టేవాడు. మిషను ముఖం అతనికీ కొత్తే.

“పెద్దదే బాబూ,” అన్నాడు రత్నాలు. “బల్లమీద సుట్ట ఎట్టుకోడానికి జాగా ఉంది. సన్నదానిమీద ఏటెట్టినా జారిపోద్ది.”

మోతగాళ్లను ఎవరూ అడగలేదు. అయినా చెప్పారు. వద్దన్న మిషను తిరిగి తమ భుజాలమీదే దిగాలి. మహాకాయాన్ని ఎక్కించిన బొబ్బలు ఇంకా మానలేదు.

“పెద్దదానికి మంచి రూపుంది సావుకారీ,” అన్నాడు గాసి. “నీలాటోడికి అదే సరిపోద్ది.”

“సన్నదానికి బలం నేదు,” అన్నాడు సుక్రు. “బేగి కిందకి అట్టుకెళిపోతాం. ఇప్పుడే కట్టీమంటావా?”

ఇంతమంది విజ్ఞుల నోట బూటు ఊసే రాలేదని శ్రోతలు గమనించాలి. ఒకరికి బంగారు పూలు, ఒకరికి చుట్ట, ఇద్దరికి భుజాలు. కొంగను గోనెలో సగం చుట్టి మూలకు తోశారు. మహాకాయానికి పసుపూ బొట్టూ పెట్టి కొబ్బరికాయ కొట్టారు.

రత్నాలుకు చిన్నప్పటినుంచి ఒకటే పద్ధతి. తోలును ముందు కొయ్య అచ్చుమీద బిగించి, పాదం ఆకారం తెప్పించి, ఆ తర్వాతే కుట్టడం. ఆ ప్రకారమే సావుకారు కుడికాలి కొలతకు తోలు వంచి, అచ్చు తీసి, గుహలాగా నోరు తెరిచిన బూటును తెచ్చి బల్లమీద పెట్టాడు. అక్కడ చిక్కొచ్చింది. కుట్టు పడవలసిన చోటు బూటు లోపల ఉంది. సూది బల్లమీద ఉంది. బల్ల వెళ్లి బూటులో దూరదు గదా. రత్నాలు నిలువుగా పెట్టాడు, అడ్డంగా పెట్టాడు, తలకిందులుగా పెట్టాడు. చివరికి చుట్ట వెలిగించుకుని, ఉన్న జాగాలో దాన్ని పెట్టుకున్నాడు.

అంతట కృష్ణమూర్తి క్రోధతామ్రాక్షుడై, పంచె కాసె బిగించి, “తొలగుము భీరూ” యని రత్నాలును ప్రక్కకు ద్రోసి, ముండ్లు గ్రుచ్చుకొని పుండ్లు పడిన దక్షిణపాదమును ఇనుప త్రొక్కుడుబల్లపై మోపి, వామహస్తమున బూటును గొంతు పట్టి బల్లకు అదిమి, ఉచ్ఛ్వాసనిశ్వాసములు గోదాము కప్పును గదలింప త్రొక్కగా, చక్రము గిఱ్ఱున దిరిగి, సూది పిడుగువలె దిగి, తోలును విడిచి ఇనుమును బొడిచి, ఖంగున విరిగి తడికలో నాటుకొనెను. రెండవ సూది అన్నగారి దారినే పోయెను. మూడవది ఎక్కడికి పోయినదో నేటికిని తెలియదు.

“బాబూ, నా ఏలు ఆడే ఉంది,” అన్నాడు రత్నాలు. “కూసింత సూసి తొక్కండి.”

వీరుడు వినే స్థితిలో లేడు. త్రొక్కాడు, అదిమాడు, గర్జించాడు. బూటు అప్పడంలా అణిగింది గాని లొంగలేదు. సూదుల పెట్టె ఖాళీ కావచ్చింది. కాలి పుండు చితికి త్రొక్కుడుబల్లమీద నెత్తురు పడింది. అది చూసి అతనికి కూతురు గుర్తొచ్చిందో, మామగారి నవ్వు గుర్తొచ్చిందో చెప్పలేను. “నశించుము” అని అరిచి బూటును బలంకొద్దీ విసిరాడు.

బూటు ఎగిరింది. దూలాన్ని తాకింది. మూలకు తిరిగింది. గోనెలోంచి బయటికి చాచుకుని ఉన్న కొంగచేతికి వెళ్లి, పాదం తొడుక్కున్నట్టు, మెత్తగా తొడుక్కుని ఊగసాగింది.

ఇనుపచెయ్యి బూటు కడుపులో ఉంది. సూది సరిగ్గా కుట్టు పడవలసిన చోటికి పైన ఉంది. అర్థం చేసుకోవడానికి కృష్ణమూర్తికి చాలాసేపు పట్టింది. మోతగాళ్లకు వెంటనే అర్థమయింది. సుక్రు నెత్తిమీద చెయ్యేసుకుని కూలబడ్డాడు.

“అయిపోనాది,” అన్నాడు. “ఏనుగుని మల్లీ మనమే దించాల.”

కొంగ సంగతి ఏమిటంటే, దాని మూతి ఎటు తిప్పితే అటు కుడుతుంది. బూటు కదలనక్కర్లేదు. మిగిలిన సూదితో రత్నాలు కుడిబూటు చుట్టూ ఒకమారు, అలాగే వంచిన ఎడమబూటు చుట్టూ ఒకమారు కుట్టి, అడుగుతోళ్లు మాత్రం చేత్తో బిగించాడు. కృష్ణమూర్తి చేతులు కట్టుకుని, “నేను మొదటనే యెరుగుదును” అన్నాడు. మిషన్లను ఎన్నుకునే శక్తి తనకు పుట్టుకతో వచ్చిందని కూడా అన్నాడు. బూటు తన మిషనును తనే ఎన్నుకుందని చెప్పే ధైర్యం అక్కడెవరికీ లేకపోయింది.

మర్నాడే విజయయాత్ర. ముందు నూతనపాదరక్షాలంకృతుడైన వీరుడు, వెనక మహాకాయాన్ని మోస్తూ, వినపడేలా తిట్టుకుంటూ గాసి బృందం. మొదటి దిగుడులోనే బూట్లు కరిచాయి. మడమ దగ్గర ఒకటి, చిటికెనవేలి దగ్గర ఒకటి బొబ్బలు లేచాయి. అంతలో ఊరి పొలిమేర వచ్చింది.

“సావుకారీ, నిసాని దేవత రాయి కాడ జోడు తియ్యాల,” అన్నాడు గాసి.

కృష్ణమూర్తి ఎంత ఆత్రంగా తీశాడంటే, అతని భక్తికి గాసి ఆశ్చర్యపోయాడు. పొలిమేర పొలిమేరకూ ఆ భక్తి పెరుగుతూ వచ్చింది. పాచిపెంట దాటేసరికి కనబడిన ప్రతి రాయీ దేవతే అయింది. సాలూరునుంచి బూట్లు చేతిలోనే ప్రయాణం చేశాయి. పార్వతీపురం తొలి ఇల్లు కనబడగానే మళ్లీ కాళ్లకెక్కాయి.

మహాకాయాన్ని అంగడికి అప్పగించి, మబ్బు కమ్ముకొస్తున్న వేళ వీరుడు మామగారి వాకిట నిలిచాడు. అరుగుమీద అప్పలస్వామిగారు చుట్ట కాలుస్తున్నారు. బూట్లవైపు ఒకసారి చూసి, మళ్లీ పెరటిలో ఆరబోసిన కరక్కాయలవైపు చూపు తిప్పారు. కృష్ణమూర్తి ఛాతీ విరిచి కుడికాలెత్తాడు. అత్తగారు నీళ్లచెంబుతో ఎదురొచ్చింది.

“బూట్లు ఆడే ఇడిసి, కాళ్లు కడుక్కుని రా బాబూ. ఇల్లలికి ఇంకా ఆరనేదు.”

లోకంలో శపథాలు చేసినవాళ్లు చాలామంది. కానీ తెలుగుగడ్డమీద పుట్టి పెరిగి, గుమ్మంలోకి జోళ్లతో వస్తానని శపథం చేసి, అందులో పొరపాటేమిటో ఇన్నాళ్లూ తోచనివాడు ఇతనొక్కడే. నిజానికి ఆనాడు పందిట్లో నవ్వినవాళ్లలో కూడా ఒక్కరికీ తోచలేదు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

“అత్తా, ప్రతిజ్ఞాభంగమున కంటె మరణము…” అని మొదలుపెట్టాడు.

లోపల గదిలోంచి కనక గొంతు వినబడింది. బిడ్డ ఒళ్లో ఉందేమో, మెల్లగానే అంది.

“బిడ్డని సూడ్డానికొచ్చారా, బూట్లు సూపించడానికొచ్చారా? అది మిమ్మల్ని ఎరగదు. కొత్తోళ్లని సూత్తే ఏడుస్తాది.”

కొత్తోళ్లు అన్న మాట అతని గుండెల్లో దిగింది. అన్ని సూదుల్లోకీ అదొక్కటే గురి తప్పలేదు. మెట్టుమీద కూర్చుని లేసులు విప్పబోయాడు. ముడి పడింది. లాగాడు, ఇంకా బిగిసింది. చివరికి ముడి అలాగే ఉంచి, చర్మం ఊడినా సరేనని కాళ్లు బయటికి లాక్కున్నాడు. చెంబు నీళ్లు కాళ్లమీద పోసుకుంటుంటే ఎర్రగా పారాయి. అత్తగారు చూసి ఇంకో చెంబు తెచ్చింది.

పచ్చి అలుకుమీద అడుగుల ముద్రలు వేసుకుంటూ లోపలికి వెళ్లి, కనక ముందు చతికిలబడి చేతులు చాచాడు.

“ఏదీ, ఇలాగియ్యి,” అన్నాడు.

ద్వారపాలకుడి వేషం కట్టాక అతని నోట వచ్చిన మొదటి మామూలు మాట అది. కనక నవ్వలేదు. బిడ్డను అందించి, పైటచెంగుతో కళ్లొత్తుకుంది. బిడ్డ అతని మీసం చూసి గుక్కపట్టి ఏడ్చింది. అయినా అతను తిరిగి ఇవ్వలేదు.

అంతలో వాన దిగింది. పెరటిలో కరక్కాయలు తడుస్తున్నాయి. అప్పలస్వామిగారు చుట్ట పారేసి అరుగుమీంచి ఉరికి, గుమ్మం దగ్గర కాలికి తగిలిన జోడులో పాదాలు దూర్చి, బురదలో పరిగెత్తి, రాశిమీద చాపలు కప్పి, తడిసిపోయి తిరిగొచ్చారు. వచ్చి కాళ్లవైపు చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు.

“అల్లుడూ,” అన్నారు. “కరుస్తన్నాయి.”

తీయకుండానే అరుగుమీద కూర్చుని ఇంకో చుట్ట వెలిగించారు.

కావున ఓ శ్రోతలారా, దిక్కులు పిక్కటిల్ల చాటుడు: ఘాటీ లెక్కి దిగి, సూదులను బలియిచ్చి, ఏనుగును కాదని కొంగను గైకొని, అడివిపందులకు గాని పనికిరావన్న మామగారి పాదద్వయమును పెరటి చివర వరకు జయించిన కృష్ణమూర్తికి జయము. ఆ జయం అతని చెవిని పడలేదు. బిడ్డ అప్పుడే ఏడుపు ఆపింది.