"అంటే" కొరత

బడి పుస్తకం కోసం విమర్శనాత్మక ఆలోచనకు నిర్వచనం రాస్తున్న విద్యాశాఖ సంఘం దగ్గర "అంటే" అనే మాట నిండుకోవడంతో, జూన్ నెలలో పట్నమంతా తిరిగి ఇంటింటి నుంచీ దాన్ని సేకరించారు. ఇందులో సంఘం తప్పేమీ లేదు. ఒకాయన "విమర్శ అంటే పరిశీలన" అని రాయగానే పక్కాయన "పరిశీలన అంటే?" అనేవాడు. విమర్శ అంటే తిట్టడమేనని మొదట్లో చాలామంది గట్టిగా నమ్మారు గానీ, "తిట్టడం అంటే?" దగ్గర అదీ ఆగిపోయింది. విద్యాశాఖ గోదాములో ఉన్న సరుకంతా ఎండాకాలంలోనే ఖర్చయిపోయింది.

సేకరణ పద్ధతిగానే జరిగింది. ఉద్యోగి గుమ్మంలో నిలబడి స్టీలు డబ్బా నోటి దగ్గర పెట్టేవాడు. ఇంట్లోవాళ్ళు "అంటే" అనగానే మూత బిగించి, బదులుగా తలా ఒక "సరే" ఇచ్చేవాడు. "కంటే"లను కూడా పట్టుకుపోబోతే, అది మెడలో వేసుకునే నగ అని బంగారుకొట్లవాళ్ళు ప్రమాణం చేసి విడిపించుకున్నారు.

వకుళ తన మాట ఇచ్చేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళిపోయింది. ఏం పోయిందో మర్నాడు తెలిసింది. ఆమె భర్త మార్కండేయులు బళ్ళో సోషల్ చెబుతాడు. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు వాళ్ళది. పొద్దున్నే చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అతను "నువ్వంటే నాకిష్టం" అనేవాడు. ఆమె "అంటే?" అనేది. నీ చేతి చారు లేనిదే ముద్ద దిగదనేవాడు. అది చారు మీద ఇష్టం కదా అని ఆమె కొట్టిపారేసేది. సాయంత్రానికి అతను ఇంకో జవాబుతో వచ్చేవాడు. ఆమె ఒక్కటీ ఒప్పుకోలేదు కాబట్టి రోజంతా ఆమె గురించే ఆలోచిస్తూ తిరిగేవాడు.

ఆ పొద్దున అతను తడుముకుని "నువ్వు నాకిష్టం" అన్నాడు. వకుళ నోరు తెరిస్తే "సరే" అని వచ్చింది.

ఆమెకు బెంగ పట్టుకుంది. నాలుగు రోజులు ఓర్చుకుని విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళింది. గుమస్తా సన్యాసిరావు మర్యాదగా కూర్చోబెట్టాడు.

"ఇచ్చేస్తామమ్మా. ఎందుకు కావాలో కారణం చెప్పండి, చాలు."

"ఎందుకు..." అని మొదలుపెట్టింది వకుళ. తర్వాతి ముక్క డబ్బాలో ఉంది.

"కారణం లేదన్నమాట," అన్నాడు సన్యాసిరావు. జాలిపడి ఇంకో "సరే" ఇచ్చి పంపాడు.

ఆగస్టులో చివరి "అంటే" కూడా అయిపోయింది. సంఘం అధ్యక్షుడు ఒక వాక్యం చదివాడు. సభ్యులు నోళ్ళు తెరిచారు, ఏమీ రాలేదు. ఏకగ్రీవమని రాసుకున్నారు. "ఎవరేం చెప్పినా, నిజమేనా అని ఆగి చూడడమే విమర్శనాత్మక ఆలోచన." మార్కండేయులు ఆ పాఠం చెబితే పిల్లలు ఎక్కడా ఆగకుండా అప్పజెప్పారు. బడికి మంచి పేరొచ్చింది.

ఇప్పుడతనికి దారిలో ఆలోచించే పని లేదు. ఒకనాడు చెప్పులు వేసుకున్నాక కూడా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏమైనా అడుగుతావా?"

అడగాలని వకుళ ప్రాణం కొట్టుకుపోయింది. "సరే," అంది.

"సరే," అని అతను వెళ్ళిపోయాడు.

ఆ జంట ఒక్కనాడూ వాదించుకోవడం వినలేదని వీధిలో చెప్పుకుంటున్నారు. పెళ్ళయితే వాళ్ళలా అన్యోన్యంగా ఉండాలని ఎదురింటావిడ కూతురికి చెబుతోంది. ఆ పిల్ల కూడా సరేనంటోంది.