గేటు నుంచి పదిహేడోది

ఆ ఆదివారం కత్తెర వేసుకున్న పథకం చొక్కా గుండీ అంత చిన్నది. పొద్దున్నే నాయనమ్మను సమాధుల తోటకు తీసుకెళ్ళాలి, వాళ్ళ నాన్న సమాధి చూపించాలి, మధ్యాహ్నానికల్లా కొట్టు తెరిచి ఒక పెళ్ళికొడుకు కోటుకు చేతులు అతికించాలి. కత్తెర అంటే మనిషే. ముప్ఫై ఏళ్ళుగా దర్జీ పని చేస్తుంటే వీధి వీధంతా కలిసి ఆ పేరు కుట్టేసింది.

నాయనమ్మ తండ్రి పాస్టరు. ఆమెకు నాలుగేళ్ళప్పుడు, ఒక వానాకాలం పొద్దున్న గొడుగు చంకన పెట్టుకుని బయటికెళ్ళాడు, మళ్ళీ ఇంటికి రాలేదు. తల్లి పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది, బతికినన్నాళ్ళూ ఆ ఊసెత్తలేదు. చనిపోయాడని కొందరు, పారిపోయాడని కొందరు అన్నారు. తొంభై ఏళ్ళొచ్చినా నాయనమ్మది ఒక్కటే ప్రశ్న: "పోయాడా, నన్నొదిలేసి పోయాడా?"

పోయిన వారం చర్చి గుమాస్తా పాత రిజిస్టరు దుమ్ము దులిపి, నాలుగు తుమ్ములు తుమ్మి, చెప్పాడు: "ఇదిగో, తేదీ ఉంది. నడిమి వరస, గేటు నుంచి పదిహేడోది. ఎలా పోయారన్న గడి మాత్రం ఖాళీ."

"అంటే సమాధి దొరికింది, సమాధానం దొరకలేదన్నమాట," అన్నాడు కత్తెర.

"ఎగతాళి చాలుగానీ, ఆ తేదీకి నన్ను తీసుకెళ్ళరా," అంది నాయనమ్మ. ఆ తేదీ సరిగ్గా ఈ ఆదివారం.

తోటలో కత్తెర గేటు దగ్గర మొదలుపెట్టి వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. చేతిలో టేపు లేకపోతే ఆయనకు లెక్క మీద నమ్మకం కుదరదు కాబట్టి రెండోసారీ లెక్కపెట్టాడు. పదిహేడో దాని మీద అక్షరాలన్నీ అరిగిపోయి ఉన్నాయి. "అయ్యో, మా నాన్న పేరైనా లేదే!" అంటూ నాయనమ్మ ఆ సిమెంటు గట్టును చేత్తో నిమిరింది.

ఆ మాటకు కత్తెర భార్య మనసు కరిగింది. "ఏవండీ, బోర్డులు రాసే బాబాయికి ఫోన్ చెయ్యండి." బాబాయి డబ్బాతో సహా దిగాడు. పేరొక్కటే రాయమంటే చేతికి తృప్తి చాలక, పైన 'దైవజనుడు' అని జానెడేసి అక్షరాలు దించాడు. పేరు రాశాక అక్కయ్యను పిలవకపోతే బాగుండదు. అక్కయ్య వస్తే బావ, బావ వస్తే బావగారి తరఫు వాళ్ళు, అందరూ పూలదండలతో. ఇంతమంది చేరాక ప్రార్థన లేకపోతే ఎలా? ఆరాధన ముగించి ఇంటికెళ్తున్న కుర్రపాస్టరును దారిలోనే పట్టుకొచ్చారు. ఆకలి మీదున్నా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ నిద్రిస్తున్న ఈ మహనీయుడు ఒక్క ఆదివారమైనా చర్చి మానలేదు. జీవితంలో ఒక్క చుక్కైనా ముట్టలేదు..."

"ఎవరి గురించి నాయనా?" అని వెనక నుంచి ఒక గొంతు. సున్నం బకెట్టుతో అరవై ఏళ్ళావిడ, వెంట కొడుకులూ కోడళ్ళూ. "చుక్క ముట్టకపోతే మా తాతకి పొద్దున్నే తెల్లారేది కాదు! గుర్రబ్బండి తోలే మనిషికి ఈ పేరేంటి, ఈ దండలేంటి?"

కత్తెరకు నోట్లో సూది అడ్డం పడ్డట్టయింది. "రిజిస్టర్లో గేటు నుంచి పదిహేడు అని ఉందండీ..."

"ఏ గేటు? ఇది రోడ్డు వెడల్పు చేసినప్పుడు పెట్టింది. అసలు గేటు అదిగో, ఆ చివర. మూసేసి గోడ కట్టారు. పాస్టరయ్యగారు అటు నుంచి పదిహేడు. ఏటా ఈ రోజున ముందు ఆయనకి సున్నం వేసి, మిగిలితే మా తాతకి."

అందరూ అటు నడిచారు. అక్కడ ఒక సమాధి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలా ఉంది. పేరు ఒక్క అక్షరం చెదరలేదు.

"మా నాన్నకి మీరెందుకమ్మా వేస్తున్నారు?" అంది నాయనమ్మ.

ఆవిడ బకెట్టు దించింది. "మా తాతకి కలరా వచ్చిందమ్మా. ఇంట్లోవాళ్ళే భయపడి బయటికి పోయారు. అయ్యగారొక్కరే పాకలోకొచ్చి కూర్చున్నారు. ఆరు రోజులు చెంచాతో నీళ్ళు పట్టారు. మా తాత లేచాడు, ఆయన పడ్డారు. బండిలో ఇంటికి తీసుకెళ్తానంటే ఒప్పుకోలేదట. 'ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉందిరా, దానికి అంటిస్తానా' అన్నారట."

కుర్రపాస్టరు తన ఆకలి సంగతే మరిచిపోయాడు.

"ఆ పాపని నేనేనమ్మా," అంది నాయనమ్మ.

ఆవిడ సున్నం చేతులతోనే నాయనమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "మా తాత కబురు తెచ్చేసరికి మీ అమ్మగారు మిమ్మల్ని తీసుకుని ఊరొదిలేశారట. మా తాత తర్వాత మా నాన్న, ఇప్పుడు నేను వేస్తున్నాం. ఆయన లేకపోతే వీళ్ళెవరూ లేరమ్మా," అని తన పిల్లల్ని చూపించింది.

నాయనమ్మ ఆ పిల్లల్ని ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, కొత్త గుడ్డ నాణ్యం చూసినట్టు బుగ్గలు తడిమింది. "ఒరే, నన్నొదిలేసి పోలేదురా, నా కోసమే ఉండిపోయాడు," అంది కత్తెరతో. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "మా నాన్నని ఇన్నేళ్ళు ఒంటరిగా ఉంచలేదు. మీ రుణం ఎలా తీర్చుకోనమ్మా?" అంది.

"మీరు తీర్చుకోవడమేంటి, బాగుంది!"

"ఇంతకీ మీ తాతగారు అంత దూరాన ఎందుకున్నారు?" అన్నాడు కత్తెర, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆయన కోరికే బాబూ. 'అయ్యగారి వరసలోనే పెట్టండి, మరీ పక్కన వద్దు, రోజూ ప్రార్థన చేయిస్తారు' అన్నాడు."

బోర్డుల బాబాయి సిగ్గుతో కుంచించుకుపోతూ గుడ్డముక్క తీశాడు. "అక్కడ రాసిందంతా ఇప్పుడే తుడిచేస్తానమ్మా."

"పేరొక్కటే మార్చు నాయనా," అంది ఆవిడ. "పైనున్న మాట ఉండనీ. మా తాతని అంత మాట ఎవరూ అనలేదు."

అలా, బతికినన్నాళ్ళూ చర్చి మెట్టెక్కని బండివాడు పోయిన నలభై అయిదేళ్ళకు దైవజనుడయ్యాడు.