మా ఊళ్ళో కుర్చీ ఖాళీగా ఉండదు

మనసుకు వైద్యం చేయడానికి డాక్టర్లు ఎందుకండీ? చుట్టాలు చాలరూ!

ఊరికే అనడం లేదు. నందికొట్కూరులో స్టీలు సామాన్ల అంగడి నడిపే మునిరత్నం ఇంట్లో రుజువైన సంగతి ఇది. డాక్టరమ్మ అపాయింట్‌మెంట్ ఇచ్చి అరగంట మాట్లాడుతుంది. చుట్టం పిలవకుండానే వచ్చి పూటంతా మాట్లాడుతుంది. ఏది గొప్ప సేవో మీరే చెప్పండి!

మునిరత్నం, రమణి దంపతుల కూతురు ఉదయశ్రీకి పంతొమ్మిదేళ్ళు. ఆటిజం ఉన్న పిల్ల. ఆ పేరు తల్లిదండ్రులకు తెలిసి నాలుగేళ్ళే అయింది. అంతవరకూ వాళ్ళకు ఏ లోటూ రాకుండా ఊరే చూసుకుంది. గాలి సోకిందని ఒకరన్నారు. పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుందని ఇంకొకరన్నారు. పద్నాలుగేళ్ళ పిల్లను చూసి, పసితనంలో మాటలు రావడానికి వసకొమ్ము అరగదీసి నాకించలేదా అని రమణిని నడివీధిలో నిలదీసిన పెద్దమనుషులూ ఉన్నారు. ఇంతమంది స్పెషలిస్టులు ఏ పెద్దాసుపత్రిలో దొరుకుతారు?

ఉదయశ్రీకి కుక్కరు విజిల్ పడదు. చెవులు మూసుకుని మూలకు పోతుంది. అదే పిల్లకు గిన్నెల మీద పేర్లు చెక్కే మిషన్ జుయ్యిమంటే ప్రాణం లేచొస్తుంది. రెండేళ్ళుగా అంగట్లో ఆ మిషన్ ఆమెదే. చెంచా కాడ మీద ఇంటిపేరుతో సహా వేసినా కళ్ళజోడు లేకుండా చదవొచ్చు. పెళ్ళి సామాన్లకు పేర్లు వేయించుకోవడానికి ఓర్వకల్లు నుంచి కూడా వచ్చేవాళ్ళు.

అంతా సజావుగా సాగుతుంటే మన బాధ్యత ఏమైనట్టు? అందుకే మునిరత్నం అక్క రాజ్యలక్ష్మమ్మ కడప నుంచి బస్సెక్కి వచ్చింది. బేరాల్లేని ఓ మధ్యాహ్నం అంగడి మెట్టెక్కి, పిల్ల వింటుండగానే తమ్ముడికి హితవు చెప్పింది.

"ఈ పిల్ల ముందర కూర్చుంటే గిరాకీ యాడొస్తాదప్పా? లోపలికి పంపీ."

ఉదయశ్రీ మిషన్ ఆపింది. దాని మీద గుడ్డ కప్పింది. ఇంటికి నడిచింది. ఆ తర్వాత నాలుగు నెలలు అంగడి మొహం చూడలేదు. రమణి బతిమాలినా, మునిరత్నం మిషన్నే ఇంటికి తెచ్చి పెడతానన్నా ఉదయశ్రీది ఒకటే జవాబు: "ఈ పిల్ల ముందర కూర్చుంటే గిరాకీ యాడొస్తాదప్పా?" అదే గొంతు, అదే విసురు! రాజ్యలక్ష్మమ్మ కడపలో ఉంటే ఆమె మాట నందికొట్కూరులో రోజుకు ఇరవైసార్లు మోగేది. ఏ మంత్రిగారి ఉపన్యాసానికైనా ఇంత ఆయుష్షు ఉందా?

మోగినప్పుడల్లా రమణికి చేతిలో పని ఆగిపోయేది. నా బిడ్డ మళ్ళీ ఆ మిషన్ ముందు కూర్చుంటుందా అన్నదొక్కటే ఆమె దిగులు. ఆ దిగులుతోనే కర్నూలులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ స్కీమా థెరపీ అంది. చిన్నప్పటి నుంచి పదే పదే విన్న మాట మనసులో పాతుకుపోయి నిజమై కూర్చుంటుందట. దాన్ని ఎదురుగా ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టినట్టు ఊహించుకుని, ధైర్యంగా జవాబు చెప్పడం నేర్చుకోవాలట. కనిపించనిదాన్ని ఊహించుకోమంటే ఉదయశ్రీకి కుదరదు. అందుకని ఆ మాటను అట్ట మీద రాయించి, ఇంట్లో ఒక కుర్చీలో నిలబెట్టించింది. జవాబు ఉదయశ్రీ సొంతంగా రాసుకుంది. రోజూ సాయంత్రం ఐదింటికి చెప్పాలి. ఆ కుర్చీలో మటుకు ఎవరూ కూర్చోకూడదు.

చదువుకున్న మనిషే గానీ, పాపం, ఇక్కడే తప్పులో కాలేసింది! మా సీమలో ఇంటికొచ్చిన మనిషి నిలబడి ఉంటే కుర్చీ ఖాళీగా ఉండటమా? పాలు పోయడానికొచ్చిన నరసన్న అట్టను పక్కన పెట్టి కూర్చున్నాడు. పక్కింటి సుబ్బలక్ష్మమ్మ అట్ట మీదే కూర్చుంది. వేరే కుర్చీ వేస్తానని రమణి అంటే ఆమెకు రోషం పొడుచుకొచ్చింది.

"ఏం, నేను కూర్చుంటే అరిగిపోతాదా? కలెక్టరు కోసం దాచిపెట్టినావా అమ్మీ?"

ఇలా మూడు వారాల్లో సాధన నాలుగు రోజులు జరిగింది.

నాలుగో వారంలో రాజ్యలక్ష్మమ్మ మళ్ళీ దిగింది. కరెంటు కోత వేళ. రమణి కాఫీ కలపడానికి లోపలికి పోగానే నేరుగా వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంది. ఉక్కగా ఉంటే చేతికందిన అట్టతో విసురుకుంటోంది. తన మాటతో తనే!

గడియారం ఐదు చూపించింది. ఉదయశ్రీ గదిలోంచి వచ్చి కుర్చీకి ఎదురుగా నిలబడింది. ఆమె చూపు అత్త ముఖం మీద లేదు. ఊగుతున్న అట్ట మీద ఉంది.

"నువ్వు చెప్పింది తప్పు. నేను రెండువేల నూట పదకొండు గిన్నెలకు పేర్లేసినా. ఒక్కచ్చరం తప్పు పోలేదు. నేను ముందర్నే కూర్చుంటా. ఇంక నువ్వు పోవచ్చు."

చెప్పేసి గదిలోకి పోయింది.

రాజ్యలక్ష్మమ్మ విసురుకోవడం ఆపి గుమ్మం వైపు తిరిగింది. కాఫీ గ్లాసుతో గుమ్మంలో రమణి. "తప్పయింది వదినా, దానికి తెలీదు" అనడం పంతొమ్మిదేళ్ళుగా అలవాటైన నాలుక అప్పుడే సగం లేచింది.

"ఏందమ్మీ రమణీ! ఇంటికొచ్చినోళ్ళను పొమ్మంటాంటే చూస్తాండావా?"

రమణి గ్లాసు ఆమె చేతికిచ్చింది.

"పొమ్మనింది నిన్ను కాదులే వదినా. నీ చేతిలో ఉండే మాటను. అది పోతే నువ్వుండొచ్చు."

రాజ్యలక్ష్మమ్మ సంచిలోంచి కళ్ళద్దాలు తీసి అట్ట చదివింది. తిప్పి వెనకవైపు చూసింది. మళ్ళీ చదివింది. కాఫీ చల్లారిపోయింది. తాగనూ లేదు, బాలేదననూ లేదు. ఆమె చరిత్రలో ఇది మొదటిసారి!

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఉదయశ్రీ చెప్పులేసుకుని అంగడికి పోయింది. రమణి సందు మలుపు దాకా వెనకాలే నడిచి, అక్కడ నిలబడి మిషన్ చప్పుడు వినిపించాక గానీ ఇంటికి రాలేదు.

కడప చేరిన రాజ్యలక్ష్మమ్మ మాత్రం నిజం దాచే మనిషి కాదు. "ఆ వైద్యం పిల్లను చెడగొట్టింది. ఇంతకు ముందర ఎవరేమన్నా పడి ఉండేది" అని ఊరంతా చెబుతోంది.

ఇప్పుడు చెప్పండి, చుట్టాలు లేకుంటే ఈ పిల్ల బాగుపడేదా? పుండు చేసేదీ మనమే, మందు రాస్తుంటే అడ్డంగా కూర్చునేదీ మనమే. ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది!

డాక్టరమ్మ పని కూడా మెచ్చుకోదగ్గదే. ఫైలులో ఒక్క పొరపాటు మిగిలింది, అంతే. పేషెంట్ పేరు అన్నచోట ఇంకా ఉదయశ్రీ అనే రాసుంది.